గాయపడినవాడు ఏ పక్షంవాడు?



ఈ వారం వాక్యభాగం 2 దినవృత్తాంతములు 28వ అధ్యాయం, 1 నుండి 15 వచనాలు. దానితోపాటు లూకా 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం. ముందు బైబిలు తెరిచి ఆ రెండూ చదువుకొని రండి. ఈసారి వాక్యంలోకి వెళ్ళే ముందు కొంచెం చరిత్రలో నడవాలి. కాస్త పొడవైనా ఓపికతో చదవమని మనవి.

యౌవనస్తుల కూటంలో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నతో ఇది మొదలైంది. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయని మనందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఊరూరా ఆ కథే చెప్పుకుంటారు. ఆ తమ్ముడు అన్నాడు: "అయ్యగారూ, కథలో వీరులందరూ యుద్ధంలో చనిపోయారంటారు, సరే. గాయపడి పడిపోయినవాళ్ళ సంగతేంటి? వాళ్ళకు నీళ్ళు ఎవరిచ్చారు? కట్లు ఎవరు కట్టారు?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. చిన్నప్పటి నుండి ఆ కథ వింటున్నాం. గురజాల ఒకవైపు, మాచర్ల ఒకవైపు. నలగామరాజు, మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. నాగమ్మ ఒకవైపు, బ్రహ్మనాయుడు ఒకవైపు. కోడిపందెంతో ముదిరిన పగ 12వ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున కారెంపూడిలో రక్తపాతంగా ముగిసింది. ఎవరు ఎవరిని పొడిచారో పాటలో ఉంటుంది. పడిపోయినవాడి పక్కన ఎవరు కూర్చున్నారన్న దగ్గర పాట ఆగదు, ముందుకు వెళ్ళిపోతుంది. వీరగాథలన్నీ అంతే. కత్తికి పాట ఉంటుంది, కట్టుకు పాట ఉండదు.

ఆ కథలోనే ఒక మంచి మాట ఉంది, దాన్ని మరువకూడదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడనీ చెప్పుకుంటాం. కానీ ఆ చాప కూడా ఒక పక్షంవారికి పరచిన చాపే. అవతలి పక్షంలో పడిపోయినవాడి దాకా అది రాలేదు.

తమ్ముడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము ఇంకో అన్నదమ్ముల యుద్ధం దగ్గరకు వెళ్ళాం. అది 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం. అక్కడ గాయపడినవారి లెక్కలు, ఆసుపత్రుల రికార్డులు, వైద్యుల నివేదికలు రాసిపెట్టారు. అంత దూరం ఎందుకు అంటారేమో. ఆ యుద్ధానికీ, గుంటూరు, పల్నాడులకు సువార్త వచ్చిన దారికీ సంబంధం ఉంది. అది ముందుకు వెళ్ళేకొద్దీ చూద్దాం.

తూటా కన్నా నీళ్ళు ఎక్కువ మందిని చంపాయి

నల్లజాతివారిని బానిసలుగా ఉంచుకోవడాన్ని వదులుకోలేక దక్షిణాదిలోని 11 రాష్ట్రాలు దేశం నుండి విడిపోయాయి. ఉత్తరాది వారు వారితో యుద్ధానికి దిగారు. నాలుగేళ్ళలో రెండు వైపులా కలిపి 6 లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. వారిలో ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరు తూటాకు చనిపోలేదు, రోగానికి చనిపోయారు.

ఏ రోగాలు? మనకు బాగా తెలిసినవే. రక్తవిరేచనాలు, టైఫాయిడ్, మలేరియా, తట్టు, న్యుమోనియా. ఒక్క విరేచనాలకే ఉత్తరాది సైన్యంలో 40 వేల మందికి పైగా చనిపోయారు. పల్లెల నుండి వచ్చిన కుర్రవాళ్ళు మొట్టమొదటిసారి వేలమంది మధ్య గుడారాల్లో ఉన్నారు. చిన్నప్పుడు తట్టు రానివాళ్ళకు అక్కడ అంటుకుంది. మరుగుదొడ్ల గోతులు తాగే నీళ్ళకు దగ్గరగా తవ్వుకున్నారు. ఆ నీళ్ళే తాగారు. కొందరు కుర్రవాళ్ళు ఒక్క తూటా కూడా పేల్చకముందే సమాధిలోకి వెళ్ళారు.

గాయపడినవారి స్థితి వేరే. ఆ రోజుల్లో వాడిన మెత్తని సీసపు తూటా ఎముకకు తగిలితే ముక్కలు ముక్కలు చేసేది. అందుకే వైద్యులు చేయో కాలో తీసివేయవలసి వచ్చేది. మత్తుమందు లేకుండా కోసేవారని సినిమాల్లో చూపిస్తారు గాని, చాలా శస్త్రచికిత్సలకు క్లోరోఫారమో ఈథరో ఇచ్చారు. అసలు లోపం వేరే చోట ఉంది. ఒకరికి వాడిన కత్తినే కడగకుండా ఇంకొకరికి వాడారు. ఒకే స్పాంజితో, ఒకే బేసిన్ నీళ్ళతో పదిమంది పుండ్లు తుడిచారు. పుండులో చీము పట్టడం మానుతున్న గుర్తని చాలామంది వైద్యులు నమ్మారు. వారు చెడ్డవారు కారు, రాత్రింబగళ్ళు కష్టపడ్డారు. కంటికి కనిపించని క్రిముల సంగతి వారికి అందలేదు. శుభ్రం చేసి శస్త్రచికిత్స చేసే పద్ధతిని జోసెఫ్ లిస్టర్ ప్రకటించింది 1867లో, అంటే యుద్ధం ముగిసిన రెండేళ్ళకు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రోగాన్ని నయం చేసే మందులు తక్కువగా ఉన్న ఆ కాలంలో కూడా కొన్ని పనులు ప్రాణాలు నిలబెట్టాయి. గాయపడినవాణ్ణి త్వరగా మోసుకు రావడం, మంచినీళ్ళు, జావ ఇవ్వడం, పక్కగుడ్డలు మార్చడం, గాలి వచ్చే చోట పడుకోబెట్టడం. ఇవేవీ పెద్ద చదువు కావలసిన పనులు కావు, మనసు కావలసిన పనులు.

1862 ఆగస్టులో బుల్ రన్ దగ్గర జరిగిన రెండో యుద్ధం తరువాత, గాయపడినవారిలో కొందరు వారం రోజుల దాకా ఆ పొలంలోనే పడి ఉన్నారు. అప్పటికే ఉత్తరాది సైన్యంలో ఒక భాగానికి వైద్యాధికారిగా వచ్చిన జోనాథన్ లెటర్‌మన్ అనే డాక్టరు ఒక ఏర్పాటు చేశాడు. గాయపడినవారిని మోయడానికే ప్రత్యేకంగా బండ్లు, మనుషులు. యుద్ధం జరిగే చోట మొదటి కట్టు, కొంచెం వెనుక గుడారంలో శస్త్రచికిత్స, దూరాన పెద్ద ఆసుపత్రి. సెప్టెంబరులో ఆంటీటం యుద్ధం నాటికి గాయపడినవారిని ఒక్క రోజులోనే పొలం నుండి తీసుకు రాగలిగారు. ఈరోజు మనం 108కి ఫోను చేస్తే బండి వస్తుంది కదా, ఆ ఆలోచనకు మూలాలు ఇలాంటి ఏర్పాట్లలోనే ఉన్నాయి.

సెమినరీ ఆసుపత్రి అయిన రోజు

ఇప్పుడు మన సంబంధం దగ్గరకు వద్దాం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో గెట్టిస్‌బర్గ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 1826లో లూథరన్ సెమినరీని స్థాపించారు. గుంటూరు, పల్నాడులకు వచ్చిన తొలి లూథరన్ మిషను వెనుక ఉన్న సంఘాలకు కాపరులను తయారుచేసిన స్థలం అదే. 1842లో గుంటూరుకు వచ్చిన ఫాదర్ హయ్యర్, 1849లో పల్నాడుకు వచ్చి గురజాలలో పరిచర్య చేసినవారు, ఆ సంఘాలవారే. ఆయన మధ్యలో ఒకసారి స్వదేశం వెళ్ళి వైద్యం కూడా చదువుకొని తిరిగి వచ్చారు. వాక్యంతోపాటు మందు కూడా కావాలని ఆయనకు ఇక్కడే అర్థమైంది.

1863 జూలై 1, 2, 3 తేదీల్లో ఆ గెట్టిస్‌బర్గ్‌లోనే అంతర్యుద్ధంలోకెల్లా పెద్ద యుద్ధం జరిగింది. ఊరి జనాభా సుమారు 2,400. యుద్ధం ముగిసేసరికి ఆ ఊళ్ళో, చుట్టుపక్కల పొలాల్లో 20 వేలకు పైగా గాయపడినవారు. ఇంటికి పదిమందో ఇరవైమందో కాదు, అంతకన్నా ఎక్కువే అయ్యారు. రెండు సైన్యాలూ వెళ్ళిపోయాయి, వైద్యులను కొద్దిమందినే వదిలి వెళ్ళాయి. ఊరివాళ్ళు మిగిలారు.

అప్పుడు చర్చీలు ఆసుపత్రులయ్యాయి. బల్లల మీద పలకలు వేసి గాయపడినవారిని పడుకోబెట్టారు. సెమినరీ భవనంలో 600 మందికి పైగా చికిత్స పొందారు. సెప్టెంబరు మధ్యదాకా అది ఆసుపత్రిగానే ఉంది. విద్యార్థులు హెబ్రీ, గ్రీకు చదువుకున్న గదుల్లో చేతులు, కాళ్ళు పోయినవాళ్ళు మూలుగుతూ ఉన్నారు.

ఆ సెమినరీ అధ్యక్షుడు శామ్యూల్ సైమన్ ష్ముకర్ బానిసత్వాన్ని బహిరంగంగా ఖండించినవాడు. దక్షిణాది సైనికులు ఆయన ఇంట్లో జొరబడి పుస్తకాలు చించి పారేసి ఇల్లు పాడుచేశారు. ఆ ఇంటి పక్కనే ఉన్న సెమినరీలో ఉత్తరాదివారితోపాటు దక్షిణాది సైనికులకు కూడా కట్లు కట్టారు. ఇల్లు పాడుచేసిన పక్షంవాడికీ అదే నీళ్ళు, అదే జావ. జూలై చివరిలో ఊరి బయట లెటర్‌మన్ పేరుతోనే పెద్ద గుడారాల ఆసుపత్రి వెలసింది. 4 వేల మందికి పైగా అక్కడ చికిత్స పొందారు. అక్కడ కూడా రెండు పక్షాలవారూ ఉన్నారు.

మంచం దగ్గర నిలబడినవారు ఎవరు? చాలామంది స్త్రీలు. ఊరి తల్లులు, దూరం నుండి వచ్చిన అక్కచెల్లెళ్ళు, కేథలిక్ కన్యకలు. యుద్ధానికి ముందు నర్సు పని మర్యాదస్తుల ఆడపిల్లలది కాదని ఆ దేశంలో కూడా అనుకునేవారు. యుద్ధం ఆ మాటను మార్చింది. 1873లో ఆ దేశంలో మూడు నర్సింగు పాఠశాలలు మొదలయ్యాయి. వారితోపాటు క్రిస్టియన్ కమిషన్ అనే సంస్థ తరపున సుమారు 5 వేల మంది కాపరులు, విశ్వాసులు జీతం లేకుండా కొన్ని వారాల చొప్పున సెలవు పెట్టుకొని వచ్చారు. కొత్త నిబంధనలు పంచారు, ప్రార్థన చేశారు. అంతటితో ఆగలేదు. కాఫీ కాచారు, చొక్కాలు తొడిగారు, చేతులు పోయినవారి తరపున ఇంటికి ఉత్తరాలు రాశారు. జావ తాగలేనివానికి ఏం పెట్టాలో చూసే ప్రత్యేక వంటశాలలను ఆనీ విటెన్‌మయర్ అనే సహోదరి మొదలుపెట్టింది. ఆకలితో ఉన్నవాడికి కరపత్రం ఒక్కటే ఇస్తే సరిపోదని వారు నేర్చుకున్నారు.

సంఘం చేసిన తప్పు

ప్రియులారా, ఇదంతా సంఘాన్ని పొగడడానికి చెప్పడం లేదు. ఇంకోవైపు కూడా చూడాలి. దేశం చీలకముందే సంఘం చీలింది. బాప్టిస్టులు బానిసత్వం విషయంలో 1845లోనే రెండైపోయారు. మన వినుకొండకు సువార్త తెచ్చింది అందులో ఉత్తరాది బాప్టిస్టులు. దక్షిణాదిలో ప్రసంగపీఠాల మీద నుండే బానిసత్వం దేవుని చిత్తమని బోధించారు. గాయాన్ని కట్టిన చేతులు సంఘానివే, ఆ గాయానికి కారణమైన బోధ కూడా సంఘంలో నుండే వచ్చింది.

ఉత్తరాదివారు కూడా అందరినీ ఒకేలా చూడలేదు. సుమారు 1 లక్ష 80 వేల మంది నల్లజాతివారు వారి సైన్యంలో చేరారు. వారిలో యుద్ధంలో చనిపోయినవారికన్నా రోగంతో చనిపోయినవారు దాదాపు పది రెట్లు. చెడ్డ చోట్ల కాపలా, ఎక్కువ చాకిరీ, తక్కువ మంది డాక్టర్లు. స్వాతంత్ర్యం కోసం అన్నారు గాని ఆసుపత్రిలో వారికి వేరే గది. ఊరి బావి దగ్గర మన తాతలు, అమ్మమ్మలు పడ్డ కష్టం తెలిసిన మనకు ఆ మాట వేరుగా విడమరచి చెప్పనక్కరలేదు.

దక్షిణాదిలో ఆండర్సన్‌విల్ అనే ఖైదీల శిబిరంలో 14 నెలల్లో సుమారు 13 వేల మంది ఉత్తరాది సైనికులు చనిపోయారు. మురికి నీళ్ళు, విరేచనాలు, తిండి లేకపోవడం. ఉత్తరాదిలో ఎల్మైరా శిబిరంలో దక్షిణాది ఖైదీలు వేలల్లో చనిపోయారు. పట్టుబడిన శత్రువును మనిషిగా లెక్కపెట్టడం మానేస్తే తుపాకీ అక్కరలేదు, మురికి నీళ్ళు చాలు.

ఆ యుద్ధం నుండి మన దాకా

ఆ నాలుగేళ్ళు ఇక్కడి పరిచర్యకు కూడా కష్టకాలమే. గెట్టిస్‌బర్గ్ సెమినరీలో చదివి 1858లో గుంటూరుకు వచ్చిన ఎరియస్ ఉనాంగ్‌స్ట్ యుద్ధం జరిగినంతకాలం ఇక్కడే నిలబడ్డారు. ఆయన చదువుకున్న గదుల్లో క్షతగాత్రులు పడుకొని ఉన్నప్పుడు ఆయన గుంటూరులో వాక్యం చెబుతున్నారు. ఆ యుద్ధంలో సైనికుడిగా పనిచేసిన జాన్ హార్ప్‌స్టర్ తరువాత కాపరి అయి 1872లో గుంటూరుకు వచ్చారు. మన బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు 1864 నవంబరు చివర బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. ఆ నెలలోనే యుద్ధం ముగింపుకు వచ్చింది. ఆయన ఒంగోలు పరిచర్యలో నుండే 1883లో వినుకొండ మిషను స్టేషను ఏర్పడింది. అదే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరుకు వచ్చారు. 1898లో ఆమె ఆసుపత్రి తెరిచారు. మన పెద్దవాళ్ళు కుగ్లర్ ఆసుపత్రి అని ఎంత నమ్మకంగా చెప్పేవారో గుర్తుంది కదా. ఆమె అక్కడ ఏ పక్షమని, ఏ కులమని అడగలేదు.

షోమ్రోనులో ఏం జరిగింది

ఇప్పుడు వాక్యానికి వద్దాం. 2 దినవృత్తాంతములు 28లో కూడా అన్నదమ్ముల యుద్ధమే. ఇశ్రాయేలు రాజు పెకహు, యూదా రాజు ఆహాజు. ఒక్క దినాన యూదావారిలో లక్షా ఇరవై వేలమంది చనిపోయారు. రెండు లక్షల మంది స్త్రీలను, పిల్లలను చెరపట్టి షోమ్రోనుకు తీసుకువస్తున్నారు. అప్పుడు ఓదేదు అనే ప్రవక్త గెలిచి వస్తున్న సైన్యానికి ఎదురు వెళ్ళాడు. ఓడినవాళ్ళను గద్దించడం తేలిక, ఆయన గెలిచినవాళ్ళను గద్దించాడు. వీళ్ళు మీ సహోదరులు, మీ మీద కూడా దోషం లేదా అని అడిగాడు. ఆ తరువాత ఎఫ్రాయిము పెద్దల్లో నలుగురు లేచారు. అజర్యా, బెరెక్యా, యెహిజ్కియా, అమాశా.

15వ వచనం జాగ్రత్తగా చూడండి. వారు చెరపట్టబడినవారికి బట్టలు, చెప్పులు తొడిగించారు, అన్నపానాలు ఇచ్చారు, తలలకు నూనె రాశారు, నడవలేనివారిని గాడిదల మీద ఎక్కించారు, యెరికో దాకా తీసుకువెళ్ళి వారి సహోదరుల దగ్గర దింపి వచ్చారు. బట్ట, చెప్పు, కూడు, నీళ్ళు, నూనె, వాహనం. లూకా 10లో ప్రభువు చెప్పిన సమరయుడు కూడా నూనె పోశాడు, తన వాహనం మీద ఎక్కించాడు. అదీ యెరికో దారిలోనే. ఆ పాత సంగతి తెలిసినవారికి ప్రభువు మాట ఇంకా లోతుగా తగిలి ఉంటుంది.

గెలిచిన సైన్యం పేరు ఆ వచనంలో లేదు. గాడిదను తోలినవారి పేర్లు ఉన్నాయి.

మా ఒప్పుకోలు

ఇది రాస్తూ ఉంటే మాకు ఒక సంగతి గుచ్చుకుంది. దాన్ని దాచిపెట్టి మీకు బోధించడం న్యాయం కాదు.

2024 మే నెలలో పోలింగు అయిన తరువాత మన పల్నాడు జిల్లాలో ఏం జరిగిందో మీకు తెలుసు. 144 సెక్షను పెట్టిన రోజులవి. మేము ఆరాధనకు వెళ్ళే ఒక పల్లెలో కూడా గొడవ జరిగింది. రెండు వైపులా దెబ్బలు తగిలాయి. రెండు కుటుంబాలూ ప్రభువు బల్లలో పాలు పొందేవారే, పార్టీలు వేరు. మేము ఆసుపత్రికి వెళ్ళాం. ఒక అబ్బాయి మంచం దగ్గర కూర్చొని ప్రార్థన చేశాం, పండ్లు ఇచ్చాం. రెండో అబ్బాయి ఆ పక్క వార్డులోనే ఉన్నాడు. అక్కడ వాళ్ళ పార్టీవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. వెళ్తే ఇవతలివాళ్ళు ఏమనుకుంటారో అని మేము మెట్లు దిగి వచ్చేశాం.

మూడు వారాల తరువాత వాళ్ళ ఇంటికి వెళ్ళాం. చేతి పుండు చీము పట్టి, మళ్ళీ కోసి కట్టారట. ఆ తల్లి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. "అయ్యగారూ, ఆ రోజు మీరు ఆసుపత్రికి వచ్చారని తెలిసింది. మా వాడు కూడా మన సంఘంవాడే కదా" అంది. అంతే అంది. ఇంకేమీ అనలేదు. మేము యాజకుని గురించి, లేవీయుని గురించి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. అవతలి పక్కగా వెళ్ళిపోయింది మేమేనని ఆ రోజు అర్థమైంది.

అందుకే సంఘ పెద్దలతో మాట్లాడి ఒక తీర్మానం చేసుకున్నాం. ఇకమీదట మన ఊళ్ళలో ఎవరు గాయపడినా, జబ్బుపడినా, మొదటి రోజే ఇద్దరు వెళ్ళాలి. ఒకరు ఒక పార్టీకి ఓటు వేసేవారైతే, ఇంకొకరు వేరే పార్టీవారు. ఇద్దరూ కలిసే రెండు మంచాల దగ్గరకూ వెళ్ళాలి. మందిరంలో పక్క గదిని శుభ్రం చేసి రెండు మంచాలు, కాచి చల్లార్చిన నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, గాజు గుడ్డలు ఉంచాం. నర్సు చదివిన మన చెల్లెళ్ళు కట్టు ఎలా కట్టాలో ఆదివారం ఆరాధన తరువాత నేర్పిస్తారు. పెద్ద దెబ్బలకు ఆసుపత్రే, అందులో సందేహం లేదు. కానీ ఆసుపత్రి దాకా తోడు వెళ్ళేవాడు సంఘంలో ఉండాలి.

ఆ తమ్ముడు అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. వీరులకు పాట కట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పడిపోయినవాడికి నీళ్ళు ఇచ్చే పని మాత్రం ఎవరో ఒకరు లేచి చేస్తేనే జరుగుతుంది. మన కొండను విన్న కొండ అంటారు పెద్దలు. వినడం వరకు మనకు బాగానే వచ్చు. లేచి వెళ్ళే కృప కోసం ప్రార్థిద్దాం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, గాయపడినవాని పక్షం అడగకుండా వాని దగ్గరకు వెళ్ళే మనసు మాకు దయచేయుము. మా పల్నాడులో రెండు పక్షాల ఇండ్లలో ఉన్న పుండ్లను మాన్పుము. మేము వెళ్ళని మంచాల విషయమై మమ్మును క్షమించుము. యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి, వినుకొండ